ఎలుకల పేస్టు ఇంట్లో వద్దు



ధాన్యం బస్తాలు కాపాడుకోవాలని మనం ఇంట్లో ఎలుకల మందు పెడుతున్నాం. కిరాణా కొట్లలో ట్యూబుల్లో అమ్మే పేస్టుల్లో చాలావాటిలో ఉండేది పసుపు భాస్వరం. చూడటానికి పళ్ల పేస్టులాగే ఉంటుంది, పిల్లలు పొరబడతారు. దానికి విరుగుడు లేదు. కడుపులోకి పోయాక ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. అందుకే ‘ఏమీ కాలేదులే’ అని ఆగొద్దు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ట్యూబు కూడా పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలి. కుక్క, పిల్లి తిన్నా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంట్లో బోను పెడదాం, కన్నాలు పూడ్చుదాం. తినుబండారాల పక్కనే ఈ విషం అమ్మడాన్ని ఆపించాలని సంఘం తరఫున అధికారులను గట్టిగా అడుగుదాం.