కనబడని అక్షరము పోయిన అక్షరము కాదు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



నేడు మన పత్రములు పెక్కులు కాగితము విడిచి కంప్యూటరు చేరినవి. వానిని తెరచినపుడు ఒక్కొక్కచో అక్షరములకు మారుగా ఖాళీ పెట్టెలు వరుసదీరును. ఒక్కొక్కచో తెలుగునకు మారుగా అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఈ రెండును ఒకే రోగము కాదు. మందును ఒకటి కాదు.

మొదట పెట్టెల సంగతి. కంప్యూటరు అక్షరమును సంఖ్యగా దాచును. 1991లో వెలువడిన యూనికోడు పద్ధతిలో మన ‘క’కు 3093, చీనా లిపిలో మనిషిని తెలుపు అక్షరమునకు 20154 సంఖ్యలు. సంఖ్య వ్రాతప్రతి వంటిది. ఫాంటు అచ్చుకూటపు టైపుకేసు వంటిది. కేసులో టైపు లేనపుడు వ్రాతప్రతి చెడలేదు గదా! చీనా, జపాను, కొరియా లిపుల అక్షరములు తొంబదివేలకు మించినవి. ఒక ఫాంటులో 65,535 రూపములకు మించి పట్టవు. ఇంతటి భారమగుటచే ఆ ఫాంట్లు అన్ని యంత్రములలోను ముందుగా నుండవు. జపానులో కొలువు చేయు మనవారు పంపిన పత్రములో పేర్లు పెట్టెలైనచో, ఆ భాషా ఫాంటును చేర్చిన చాలును. 2014లో గూగుల్, అడోబి సంస్థలు కలసి సిద్ధపరచిన నోటో సాన్స్ సీజేకే ఉచితముగనే లభించును. అంతవరకు ఆ పెట్టెలను చెరిపి దిద్దరాదు. దిద్ది దాచినచో సంఖ్యయే పోవును. పిమ్మట ఏ ఫాంటును దానిని తిరిగి తేజాలదు.

అను మొదలగు పాత ఫాంట్లతో కూర్చిన తెలుగు కథ వేరు. అందు ఇంగ్లీషు గళ్లలో తెలుగు టైపులు పోసిరి. ఆ ఫాంటు లేని యంత్రమున అది ఇంగ్లీషుగనే మిగులును. దానిని యూనికోడునకు మార్చి, ఒత్తులు తారుమారు కాకుండ ఒకరు మూలముతో సరిచూడవలెను. పట్టాల వెడల్పు కలియనిదే బండి ఒక దారినుండి మరియొక దారికి సాగదని జంక్షను వాసులగు పాకాల ప్రజలకు వేరుగ చెప్పనక్కరలేదు. యూనికోడు అట్టి ఉమ్మడి వెడల్పు.

కావున మన గ్రంథముల పట్టికను, ఈ సంచికను మూడు విధముల దాచవలెనని నా మనవి: యూనికోడులో కూర్చిన మూలము, ఫాంట్లను లోననే పొదిగిన పీడీఎఫ్ ప్రతి, కాగితముపై అచ్చుప్రతి. స్వర్ణోత్సవము నాటి పాఠకుడు ఈ సంచికను తెరచినపుడు అతనికి పెట్టెలు గాక, మన మాటలే కనబడుగాక!