వెనుక బెంచీ బిడ్డల వంతు

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగ కానుకలో కొంత భాగము మన బడులలో వెనుకబడిన పేద బిడ్డల చదువు కొరకు ప్రత్యేకింపవలెనని పాస్టరేట్ కమిటీలలో అనుకొనుచున్నారు. మంచి మాట. అయితే ఆ సొమ్ముతో ఏమి చేయుదుమని అడిగిన ప్రతిచోటను ఒకే జవాబు వినిపించుచున్నది: నోటు పుస్తకములు, సంచులు పంచుదమని. ఈ ఒక్క సంగతి మరల ఆలోచింపవలెనని నా మనవి.

నాలుగేండ్ల క్రిందట మా సంఘములో అట్లే పంచితిమి. ఆ సాయంత్రము ఒక తల్లి వచ్చి, "అయ్యగారూ, ఈ ఏడు పుస్తకాలు కొనే పని తప్పింది. ఆ డబ్బుతో ఇంటి మీద తాటాకు మార్పించుకుంటాం" అన్నది. ఆమె చేసినది తప్పని ఇప్పుడును అనను. వాన కురియు ఇంటిలో ఏ బిడ్డ చదువును? కాని సంవత్సరాంతమున ఆమె కుమారుడు అయిదవ తరగతి ముగించియు రెండవ తరగతి వాచకము కూడబలుక్కొనుచునే ఉండెను. పంపిణీ నాడు ఫొటో దిగినవారిలో నేనును ఉన్నాను గనుక ఎవరి మీదను నేరము మోపుట లేదు.

ఆ తల్లి మాటయే పెద్ద లెక్కలలో కూడ కనబడినది. 2005వ సంవత్సరము మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని విశాఖపట్నము, నెల్లూరు, కడప, మెదక్, ఆదిలాబాదు జిల్లాల పల్లె ప్రాథమిక పాఠశాలలలో ఒక పరిశోధన జరిగినది. చీట్లు వేసినట్లు ఎంచిన 100 ప్రభుత్వ బడులకు విద్యార్థికి 125 రూపాయల వంతున ఏటా గ్రాంటు ఇచ్చినారు. అందులో అధిక భాగము నోటు పుస్తకములకు, వ్రాత సామగ్రికి ఖర్చయినది. మొదటి ఏడు ఈ సాయము వచ్చునని ఇండ్లలో ఎవరికిని తెలియదు, మార్కులు పెరిగినవి. రెండవ ఏడు ముందుగానే తెలిసినది గనుక తలిదండ్రులు ఇంచుమించు అంత మేరకు తమ ఖర్చు తగ్గించుకొన్నారు. మార్కులలో పెరుగుదల కానరాలేదు. ఈ ఫలితములు 2013లో ప్రచురింపబడినవి.

ఆ పరిశోధనలోనే మరి 100 బడులకు పుస్తకములకు బదులుగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుని అదనముగా ఇచ్చినారు. శిక్షణ తక్కువ, జీతము పర్మనెంటు ఉపాధ్యాయుని జీతములో సుమారు అయిదవ వంతు. అయినను రెండేండ్లకు లెక్కలలోను, భాషలోను ఆ పిల్లలు ముందుకు వచ్చినారు. పర్మనెంటు ఉపాధ్యాయుల గైర్హాజరు 27 శాతము కాగా, వీరిది 18 శాతము. (చవుకగా పని జరిగినదని మనము మురిసిపోరాదు. పనివాని కూలి సంగతి యాకోబు పత్రికలో ఏమున్నదో మీకు తెలియును.) తల్లి కొనగల పుస్తకము మనము కొనియిచ్చితిమి. తల్లి ఇయ్యలేనిది, బిడ్డ ప్రక్కన కూర్చుండి తప్పు దిద్దగల మనిషి.

మిషను బోర్డింగులలో చదివిన మన పెద్దలను అడిగి చూడుడి. గంజి, దుప్పటి సంగతి చెప్పుదురు, నిజమే. కాని రాత్రి లాంతరు దగ్గర, ఎక్కము తప్పినచోట ఆపి మరల మరల చెప్పించిన వార్డెనుగారి పేరు చెప్పునప్పుడు వారి గొంతు మారును. 99 గొఱ్ఱెలను విడిచి వెళ్లిన కాపరి తప్పిపోయినదాని కొరకు గడ్డిమోపు పంపలేదు. తానే వెళ్లెను.

కాబట్టి ప్రతి పాస్టరేటులో సాయంకాలము రెండు గంటలు గుడి వరండాలో చదువు చెప్పుటకు, ఆ ఊరిలోనే డిగ్రీ చదివిన ఒక చెల్లినో తమ్మునినో న్యాయమైన జీతముపై నియమింపవలెనని కోరుచున్నాను. తరగతిని బట్టి కాక, ఏ బిడ్డ ఎంతవరకు చదువగలడో దానిని బట్టి కూర్చుండబెట్టవలెను. మన సంఘపు బిడ్డలా, ఇతరుల బిడ్డలా అని చూడవద్దు. సంచులంత అందముగా ఇది ఫొటోలో కనబడదు. కమిటీలో అభ్యంతరములు వచ్చునని ఎరుగుదును. నిరుడు మా కమిటీలోనే వచ్చినవి.

వచ్చే ఆదివారము ఆరాధనకు వచ్చునప్పుడు, మీ వీధిలో అయిదవ తరగతికి వచ్చియు చదువరాని బిడ్డల పేర్లు ఒక కాగితముపై వ్రాసి మీ అయ్యగారి చేతికి ఇయ్యుడి. లెక్క అక్కడనుండి మొదలుపెట్టుదము.