జమాఖర్చుల విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

 

మహాభారతము సభాపర్వమున నారద మహర్షి మయసభకు విచ్చేసి ధర్మరాజును పెక్కు ప్రశ్నలు అడిగెను. సైన్యమును గూర్చి, సేద్యమును గూర్చి అడిగిన ఆ ముని, గణకులును లేఖకులును ప్రతిదినము ఉదయమున ఆయవ్యయములు సరిచూచుచున్నారా యని అడుగుట మరువలేదు. లెక్క అంగడివీథి విద్య మాత్రమే కాదనియు, ధర్మపరిపాలనలో అదియొక భాగమనియు దీనివలన తెలియుచున్నది.

ఈ సీమవారికి ఇంతకన్న దగ్గరి నిదర్శనము కలదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దిలో, గోలకొండ తానీషా కాలమున, పాల్వంచ తహసీలుదారుగా ఉండి భద్రగిరిపై రామాలయము కట్టించెను. సర్కారు సొమ్ము వెచ్చించెనని చెరసాల పాలయ్యెను. ఆయన ఒక కీర్తనయందు నగ నగకు అయిన వ్యయమును స్వామికే ఏకరువు పెట్టెను. భక్తులు దానిని ఆర్తిగా విందురు. లెక్క తెలిసినవారు అందు మరియొకటి కూడ విందురు. సొమ్ము ఎటు పోయినదో చెప్పుటకు రామదాసునకు తడబాటు లేదు. అది ఎవరి సొమ్మనుచోట మాత్రమే తగవు. రాముని సొమ్మని ఆయన తలపు. సర్కారు సొమ్మని ప్రభువు లెక్క. ప్రతి పద్దునకును ఈ రెండు ముఖములు తప్పవు.

ఈ రెండు ముఖములను ఒక్కసారిగా వ్రాయుటయే జంటపద్దు విధానము. ఇటలీ వర్తకులు ఏనాటినుండియో పాటించుచున్న ఈ పద్ధతిని లూకా పాచియోలీ అను సన్న్యాసి తన గణిత గ్రంథమున వివరింపగా, అది 1494లో వెనీసు నగరమున అచ్చయ్యెను. నేటి కళాశాలలలో చెప్పు చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ ఆ మూలమునుండి పెరిగినవే.

దీని ప్రయోజనము చిన్న లెక్కతో తెలియును. ఒకడు 5,000 రూపాయల మూలధనముతో 3,000 రూపాయల చింతపండు కొనెను. అందులో 2,000 రూపాయల సరకును 2,600కు అమ్మెను. 2,200 నగదు చేతికి వచ్చెను, 400 అరువు. సాయంకాలము పెట్టె తెరువగా 4,200 మాత్రమే కనబడినది. ఎనిమిది వందలు పోయినవని ఇంటిల్లిపాదియు దిగులుపడుదురు. కాని నగదు 4,200, రావలసిన బాకీ 400, మిగిలిన సరకు 1,000, వెరసి 5,600. నష్టము లేదు, 600 లాభము. ఇట్లే అప్పు తెచ్చిన సొమ్ముతో పెట్టె నిండియుండగా లాభమని మురిసి మునిగినవారును కలరు. కన్ను పెట్టెను చూచును; లెక్క ఇంటిని చూచును.

అయినను, అంకణా సరిపోయినంత మాత్రమున సత్యము తేలినట్లు కాదు. వ్రాయక విడిచిన పద్దు అంకణాకు తెలియదు. ఒకరి పద్దు వేరొకరి ఖాతాలో పడినను మొత్తములు సరిగానే ఉండును. తూకము తగ్గించి, తగ్గిన తూకమునే రెండు వైపుల వ్రాసినచో లెక్క చక్కగా కుదురును! అడవి అంచున నివసించువారికి ఇది కథ కాదు. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయ తట్టలకెత్తుకొని వచ్చినవారి యెదుట త్రాసు ఒకరిది, పుస్తకము ఒకరిది. తునికాకు కల్లమున యాభై ఆకుల కట్టలు లెక్కించునది చెమటోడ్చినవారే, వ్రాయునది వేరొకరు. గిరిజనుల సరకునకు న్యాయమైన ధర కొరకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. కాని ఏ సంస్థ యున్నను, వ్రాసినదానిని చదివి ప్రశ్నింపగలవారు ఊరిలో లేనిచో న్యాయము సగమే.

ఈ విద్య పట్టణమునకు పోగలవారికే దక్కు రోజులు గడచినవి. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున ఈ తరహా విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. 1991లో దానికి డాక్టరు అంబేద్కరు పేరు పెట్టిరి. పాఠ్యపుస్తకములు ఇంటనే చదువుకొని, సెలవుదినములలో అధ్యయన కేంద్రమునకు పోయి సందేహములు తీర్చుకొని, తెలుగులోనే పరీక్ష వ్రాసి వాణిజ్యశాస్త్రమున పట్టము పొందవచ్చును. పగలు నాట్లు వేసిన చేతులు రాత్రి పద్దులు వ్రాయుటకు అడ్డేమియు లేదు.

అయితే ఒక్క హెచ్చరిక. చరిత్రమును చదివి నేర్వవచ్చును. లెక్కను వ్రాసియే నేర్వవలెను. దూరవిద్యలో ప్రక్కన గురువుండడు. తప్పు చేసినపుడు తట్టిచెప్పువారు లేక, తరుగుదల పాఠము వద్దనో, సర్దుబాట్ల పాఠము వద్దనో పుస్తకము మూసివేయువారు పెక్కుమంది. గురువు లేని కొరతను తోడు కొంత తీర్చును. ఇందుకు గ్రంథాలయమును మించిన తావు లేదు. ముగ్గురు నలుగురు వారమునకు రెండు సాయంకాలములు ఈ బల్లచుట్టు కూర్చుండి, ఒకే లెక్కను వేరువేరుగా వ్రాసి, పిమ్మట సరిపోల్చుకొనినచో తప్పు తానే బయటపడును.

అభ్యాసమునకు కల్పిత వర్తకుల లెక్కలే అక్కరలేదు. ఈ గ్రంథాలయపు చందాలు, కొన్న పుస్తకములు, చిరిగిన పుస్తకముల తరుగు, రావలసిన బాకీలు చాలును. అట్టి పట్టీని ఏటేట ద్వారము వద్ద వ్రేలాడదీసినచో, చదువరులకు విద్యయు, పోషకులకు నమ్మికయు ఏకకాలమున సమకూరును. అందు తప్పు పట్టిన పిన్నవానిని కసరక, పిలిచి కూర్చుండబెట్టవలెను. రేపు త్రాసు వద్ద ఊరి పక్షమున నిలిచి అడుగువాడు వాడే.

ఇరువది యైదేండ్లు అక్షరమును కాపాడిన ఈ మందిరము ఇకమీదట అంకెను కూడ ఆదరించుగాక!