డబ్బు కట్టే ముందు ఆ కోర్సుకి అనుమతి ఉందా అని అడగండి

బిల్డింగు పనివాళ్ళకి కేర్ వర్కర్ల సంగతి ఎందుకు అంటారేమో. మా సైట్లో చేసేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాలామంది పి.ఎస్.డబ్ల్యూ. కోర్సులో చేరుతున్నారండి. ముసలివాళ్ళకి స్నానం చేయించడం, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం, అన్నం తినిపించడం, ఆ పని.

పోయినేడు మాలో ఒకతని భార్య ఒకచోట డబ్బు కట్టి, ఆన్‌లైన్‌లో మూడు వారాల్లో సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాన్ని పట్టుకుని కేర్ హోంకి వెళ్తే "ఇది చెల్లదమ్మా" అన్నారు. ఆ ఫీజుకి మేమందరం తలా కొంత అప్పిచ్చాం. ఇంకా తీరలేదు. అడగడానికి మాకు నోరు రావడం లేదు.

నిజానికి మేమే ముందు చెప్పాల్సింది. ఒంటారియోలో 2015 నుంచి ఎత్తు మీద పని చెయ్యాలంటే మాకు ట్రైనింగు ఉండాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలి. కార్డు ఉంటే చాలదు, అది ఇచ్చినవాళ్ళకి ప్రావిన్సు అనుమతి ఉండాలి. ఇదీ అంతే. ఒంటారియో లాంగ్ టర్మ్ కేర్ హోంల రూల్సులో ఈ కోర్సుకి క్లాసులూ ప్రాక్టీసూ కలిపి కనీసం 600 గంటలని ఉంది. మూడు వారాల్లో పూర్తి చెయ్యాలంటే రోజుకి 28 గంటల పైనే చదవాలి!

ప్రైవేటు కాలేజీ అయితే కాలేజీకీ, ఆ కోర్సుకీ విడివిడిగా అనుమతి ఉండాలి. రెండూ చూడండి. 2024 డిసెంబరు నుంచి ఒంటారియోలో పి.ఎస్.డబ్ల్యూ.లకి రిజిస్ట్రేషన్ వచ్చింది, కానీ అది మన ఇష్టం. "అది లేకపోతే పనే దొరకదు, మేం చేయిస్తాం" అని డబ్బడిగితే నమ్మొద్దు. బ్రిటిష్ కొలంబియా వెళ్ళేవాళ్ళకి మాత్రం వేరు. అక్కడ ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట్ల చేరాలంటే రిజిస్ట్రీలో పేరు ఉండాల్సిందే.

ఇంకోటి. 2025 మార్చి 31న కేంద్రం హోం కేర్ వర్కర్లకి పి.ఆర్. దారి తెరిచింది. ఇంగ్లీషు లెవెల్ 4, ఇక్కడి హైస్కూలుకి సమానమైన చదువు, ఆరు నెలల ట్రైనింగు లేదా అనుభవం, ఉద్యోగం ఆఫరు అడిగారు. ఇక్కడ ఉన్నవాళ్ళ కోటా తెరిచిన రోజే నిండిపోయింది. కాబట్టి "ఊళ్ళో మీ మరదలికి సీటు గ్యారంటీ" అని లక్షలు అడిగేవాడి దగ్గర ఏమీ లేదు.

ఒంటారియో 2009 చట్టం ప్రకారం ఉద్యోగం చూపించినందుకు విదేశీ వర్కరు దగ్గర ఏజెంటు ఫీజు తీసుకోకూడదు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. తీసుకుంటే మూడున్నరేళ్ళ లోపల కార్మిక శాఖకి ఫిర్యాదు చెయ్యొచ్చు. రసీదులు, వాట్సాప్ మెసేజీలు చెరపకండి.

కాలేజీ పేరు తెలిస్తే తీసుకురండి. టీ బ్రేకులో ఫోన్లో లిస్టు తీసి కలిసి చూద్దాం, పది నిమిషాల పని.