పది సంతకాల గోడ



ఓటు వేసే హక్కు మనకుంది. మరి నిలబడే హక్కో? గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. గుర్తింపు లేని చిన్న పార్టీవాడికి, స్వతంత్రుడికి మాత్రం ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకం పెట్టాలి. నిశానీవాళ్లయితే అధికారి ముందుకెళ్లి వేలిముద్ర వేయాలి. ఆరోజు కూలి పోయినట్టే. దొర చేన్లో పనిచేసేవాడు దొర పార్టీకి ఎదురుగా పేరు రాయిస్తే రేపు పని దొరుకుతుందా?

1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన జనం గోడు ఢిల్లీకి వినబడాలనే. అదే ఏడాది చట్టం మార్చారు. పది సంతకాలు అప్పుడొచ్చినవే. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. ఇప్పుడు 25,000, ఎస్సీ, ఎస్టీలకు సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బూ దక్కదు. ఉపసంహరణ తర్వాత ప్రచార గడువును 20 రోజుల నుంచి 14కు కుదించారు. స్వతంత్రుడి గుర్తేదో తేలేది అప్పుడే. ఆ కొద్దిరోజుల్లోనే వాడవాడకూ చెప్పుకోవాలి.

"ఉత్తుత్తి అభ్యర్థులు పెరుగుతారు" అంటారు. పైసలున్న ఉత్తుత్తివాణ్ని డిపాజిట్ ఆపుతుందా? ఆపేది పేదోణ్నే.

అందుకే మేమడిగేది: అందరికీ ఒకే లెక్క సంతకాలు, పేదోడికి అందే డిపాజిట్, ముందుగా గుర్తు.

అందాకా ఏం చేద్దాం? ఓటరు జాబితాలో మన పేర్లు ఇప్పుడే సరిచూసుకుందాం. ఒక అభ్యర్థి నాలుగు నామినేషన్ పత్రాల దాకా వేయొచ్చు. ఒకటి కొట్టేసినా ఇంకోటి నిలిచేలా నలభైమందిని కూడగడదాం. జై భీమ్!