తప్పు రాసినవారిదా, సరిచూసినవారిదా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకరు ప్రోగ్రాము రాస్తారు, మరొకరు పరీక్షిస్తారు. పరీక్షించేవారిని టెస్టర్లు అంటారు. ప్రోగ్రాములో దొర్లిన తప్పును బగ్ అంటారు. అది బయటపడిన రోజున "నువ్వెందుకు పట్టుకోలేదు?" అని ఒకరు, "నువ్వెందుకు రాశావు?" అని మరొకరు వాదించుకుంటారు. మనకిది కొత్తేమీ కాదు. గుమాస్తా బిల్లు తయారుచేసేవాడు, సూపరింటెండెంటు సరిచూసేవాడు, ఆఫీసరు సంతకం పెట్టేవాడు. ఆడిట్ అభ్యంతరం వస్తే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

ఒక ఉదాహరణ మనవి చేస్తాను. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తొలిసారి బయలుదేరింది. 40 సెకన్లు తిరక్కుండానే దారి తప్పి పేలిపోయింది. నాలుగు ఉపగ్రహాలు బూడిదయ్యాయి. కారణం? రాకెట్టు దిశను లెక్కగట్టే ప్రోగ్రామును పాత ఏరియాన్-4 నుంచి తెచ్చి వాడారు. కొత్త రాకెట్టుకు అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ వేగాన్నిబట్టి వచ్చిన అంకె దానికి కేటాయించిన 16 బిట్ల గడిలో పట్టలేదు. యంత్రం ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాము కాబట్టి అదీ ఆగిపోయింది.

విచారణ సంఘం ఏ ఒక్కరినీ ముద్దాయిగా నిలబెట్టలేదు. ప్రమాదం ఉందనుకున్న ఏడు అంకెల్లో మూడింటికి రక్షణ పెట్టకూడదన్నది ఉమ్మడి నిర్ణయమని తేల్చింది. కొత్త రాకెట్టు ప్రయాణమార్గం వివరాలతో ఆ యంత్రాన్ని పరీక్షించనేలేదు. మొత్తం వ్యవస్థను పరీక్షించినప్పుడు కూడా అసలు యంత్రం బదులు దాని నమూనాతో సరిపెట్టారు.

నా అభిప్రాయం ఇది. మొదటి బాధ్యత రాసినవారిదే. ఎవరో చూస్తారులే అని రాయకూడదు. టెస్టరు ఏది చూశాడో, ఏది చూడలేదో కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం చదివీ, గడువు ముంచుకొస్తోందని విడుదల చేయించిన అధికారిదే పెద్ద వాటా. ఇక, ఇంట్లో ఎవరైనా టెస్టరైతే "ఉత్త టెస్టరేనా?" అనకండి. సరిచూసేవాడి విలువ మనకు తెలియనిదా?

ఇప్పుడు మన పెన్షన్ లెక్క కూడా కంప్యూటరే వేస్తోంది. అక్కడ చివరి టెస్టర్లం మనమే. కరువు భత్యం సరైన తేదీ నుంచి కలిపారా, కమ్యుటేషన్ కోత ఆగవలసిన నెలలో ఆగిందా చూసుకోండి. తేడా కనిపిస్తే "కంప్యూటరులో అలాగే వచ్చింది" అనే జవాబుతో వెనుదిరగకండి. లెక్క ఎలా వేశారో లిఖితపూర్వకంగా అడగండి. కంప్యూటరు సంతకం పెట్టదు. సంతకం పెట్టిన మనిషే జవాబు చెప్పాలి.