శవచ్ఛేదశాలలోని విద్య



ఈ సమావేశమున శారీరవిజ్ఞానశాఖకు నన్నధ్యక్షునిగా ఆహ్వానసంఘమువా రెన్నుకొనిరి. ప్రక్కపందిరిలో అలంకారశాస్త్రమును గూర్చియు, శాసనములను గూర్చియు పెద్దలు ప్రసంగించుచుండగా, ఏండ్లతరబడి ఫార్మలిన్ వాసనకు అలవాటుపడిన యొక ఉపాధ్యాయుని మాటలు వినుటకు మీరింతమంది విచ్చేయుట నాకు సంతోషముతోపాటు కొంత విస్మయమును గూడ గలిగించుచున్నది. శారీరశాస్త్రచరిత్రనంతయు నేకరువు పెట్టి మీ ఓపికను పరీక్షింపను. ఈ విద్యను తన చేత కోసి చూచినవాడే నేర్చుకొనగలడు గాని, ఒరులు కోయుచుండగా చూచినవాడు నేర్చుకొనజాలడని నా నమ్మకము. దానికి గల హేతువులను మాత్రము మనవి చేసెదను.

సుశ్రుతసంహిత శారీరస్థానమున ఐదవ అధ్యాయములో శవపరీక్షావిధానము సవిస్తరముగా నున్నది. అవయవలోపము లేనిదియు, విషముచేత గాని దీర్ఘవ్యాధిచేత గాని మరణింపనిదియు, నూరేండ్ల వార్ధక్యము పొందనిదియు నగు దేహమును గ్రహించి, ప్రేగులలోని మలమును తొలగించి, ముంజగడ్డితోనో, నారతోనో, దర్భతోనో, జనపనారతోనో చుట్టి, పంజరమందుంచి, మరుగైన తావున నదీప్రవాహములో నాననిచ్చి, ఏడు రాత్రులు గడచి చక్కగా మెత్తబడిన పిమ్మట పైకి దీసి, వట్టివేళ్ళు, వెండ్రుకలు, వెదురు మున్నగువానితో గట్టిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని లోపలి అంగప్రత్యంగములనెల్ల కన్నులార చూడవలెనని సుశ్రుతుడు విధించెను. శాస్త్రమును ప్రత్యక్షమును గూడినప్పుడే జ్ఞానము వర్ధిల్లునని యాయన మతము. అయితే ఈ విధానమున కత్తి ప్రసక్తి లేదన్న సంగతిని మీరు గమనింపవలెను. నీట నానిన దేహమున ఎముకలకంటె ముందుగా చెడిపోవునవి మెదడును, సన్నని నాడులును, రక్తనాళములును. తుదివరకు నిలుచునవి ఎముకలును, కీళ్ళును, వానిని బిగించు బంధనములును. సుశ్రుతుని గ్రంథమున అస్థిసంధుల వర్ణన మంత సమగ్రముగాను, నాడుల విషయ మంత సందిగ్ధముగాను ఉండుటకు కారణ మా కుంచెయే యని నా యూహ. ఆయన ఎముకలు మున్నూరని లెక్కించెను. మనము పెరిగిన మనుష్యునియందు 206 అనుచున్నాము. దంతములను, మృదులాస్థులను గూడ ఆయన లెక్కలో జేర్చుట యీ భేదమునకు ముఖ్యకారణము. ప్రాచీనులకు సర్వమును తెలియుననువారికిని, ఏమియు తెలియదనువారికిని ఈ అధ్యాయము నొకసారి చదువుడనియే నేను చెప్పుచుందును.

ఐరోపాలో కత్తి యుండియు విద్య కదలక నిలిచిన కాలమొకటి కలదు. క్రీ. శ. రెండవ శతాబ్దమున గేలెన్ అను వైద్యుడు కోతులను, పందులను కోసి చూచి వ్రాసిన గ్రంథములు పదుమూడు వందల యేండ్లు ప్రమాణములై చెల్లెను. విశ్వవిద్యాలయములలో ఆచార్యుడు ఎత్తైన పీఠముపై గూర్చుండి గేలెన్ వాక్యములను చదువుచుండును. క్రింద మంగలి శవమును కోయుచుండును. వేరొకడు బెత్తముతో చూపుచుండును. చదువువాని చేయి శవమునకు తగులదు, కోయువానికి గ్రంథపు లాటిను తెలియదు. 1537లో, తన ఇరువది మూడవ యేట, ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున బోధకుడుగా చేరిన వెసాలియస్ పీఠము దిగివచ్చి తానే కత్తి పట్టెను. క్రింది దవడ రెండెముకల కూర్పని గేలెన్ చెప్పియుండగా, మనుష్యునియం దది యొక్కటే యని చూపెను. 1543లో బాసెల్ నగరమున అచ్చయిన ఆయన మహాగ్రంథపు ముఖచిత్రమున, క్రిక్కిరిసిన జనసమూహము నడుమ, ఆయన చేయి శవముపైననే యున్నది. తరువాత నా పాదువాలోనే ఫాబ్రిసియస్ అను ఆచార్యుడు సిరలలోని కవాటములను కోసి చూపెను. అవి నెత్తురును గుండెవైపునకే పోనిచ్చునన్న భావ మాయనకు స్ఫురింపలేదు. శిష్యుడగు హార్వేకు స్ఫురించి, 1628లో రక్తప్రసరణసిద్ధాంతమై వెలువడెను.

మన దేశమున కలకత్తా వైద్యకళాశాల 1835లో స్థాపితమయ్యెను. మరుసటి యేడు మధుసూదన గుప్త అచట శవచ్ఛేదము గావించెను. ఆయన సంస్కృతకళాశాలలో ఆయుర్వేదము చెప్పినవాడు. హూపర్ అను ఆంగ్లేయుని శారీరగ్రంథమును సంస్కృతీకరించినవాడు. ఆ శవచ్ఛేద సందర్భమున కలకత్తా కోటలో ఫిరంగులు మ్రోగెనని కథ యొకటి వాడుకలో నున్నది. అది యెట్లున్నను, శ్లోకమును కత్తిని ఒక్క చేతనే పట్టినవాడాయన. తెలుగునాట హైదరాబాదున 1846లో వైద్యపాఠశాలయు, విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాలయు వెలసినవి.

ఇక శాలలోనికి వత్తము. ఫార్మలిన్‌కు గల రక్షణశక్తిని 1893లో బ్లూమ్ అను జర్మను వైద్యుడు గుర్తించిన పిమ్మట దేహమును నెలలతరబడి చెడకుండ నుంచుట సులభమయ్యెను. కాని యట్లుంచిన దేహమున ధమని, సిర, నాడి మూడును ఇంచుమించు నొకే మట్టివర్ణము దాల్చును. పుస్తకములో ఎర్రగను, నీలముగను, పసుపుగను ఉన్నవానిని ఇచట వ్రేలిస్పర్శచేతనే పోల్చుకొనవలెను: గోడ మందమైనది ధమని, అదిమినంతనే అణగిపోవునది సిర, నలిపినను లొంగని గట్టిది నాడి. చంకలోని క్రొవ్వు తీసి బాహునాడీజాలమును విడదీయుటకు స్కాల్పెల్ అంచుకంటె ఫోర్సెప్స్ మొన యెక్కువ యుపకరించును. తొందరపడినవాడు తాను వెదకుచున్న నాడినే మొదట తెంచును. పట్టభద్రుడై ఈ శాస్త్రమునే అభ్యసించు విద్యార్థి, చెవిక్రింది పరోటిడ్ గ్రంథిని తునకతునకగా తొలగించుచు ముఖనాడి శాఖలను వెలికిదీయుటకు దినములు వెచ్చించును. చిత్రపటమున నది నిమిషము పని.

ఇట్లు పెక్కు దేహములను చూచినవానికి, పుస్తకములో వర్ణింపబడిన దేహము ఏ బల్లమీదను లేదని తెలియును. మీరిప్పుడే బొటనవ్రేలిని చిటికెనవ్రేలితో కలిపి, మణికట్టును కొంచెము వంచి చూడుడు. నడుమ సన్నని త్రాటివంటి కట్టు పైకి లేచినచో మీకు పాల్మారిస్ లాంగస్ అను కండరము కలదు. కొందరికి లేదు, లేనివారి సంఖ్య జనసముదాయమును బట్టి మారును. దీనివలన నెవరికిని కీడు లేదు. కాని కటిభాగముననుండు ఆబ్ట్యురేటర్ ధమని కొందరిలో తన సహజస్థానమున గాక, పొట్టగోడకు పోవు ధమనినుండి పుట్టి, తొడమొదటి హెర్నియా మార్గము ప్రక్కగా దిగును. ఇరుకున బడిన ప్రేగును విడిపింప నచట కత్తి పెట్టిన పూర్వపు శస్త్రవైద్యులు, కంటికి కానరాని ఆ ధమని తెగి రోగులను పోగొట్టుకొనిరి. మూత్రపిండమునకు ఒకటికి మించిన ధమనులుండుటయు అరుదు గాదు; మూత్రపిండమును మార్చి పెట్టు నేటి వైద్యునకు అది తెలిసి తీరవలెను.

ఈ బల్లలమీద శయనించినవారెవరు? 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అను నిరువురు పదునార్గురిని చంపి శవములను శవచ్ఛేదమునకై విక్రయించిరి. ఆ ఘోరము బయల్పడిన పిదప, 1832లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము, అయినవారు వచ్చి యడుగని పేదల దేహములను శారీరశాలల కందునట్లు చేసెను. మన రాష్ట్రముల చట్టములును ఆ త్రోవనే త్రొక్కినవి. సంపన్నుల శరీరములపై చూపు శస్త్రనైపుణ్యము చిరకాలము దిక్కులేనివారి దేహములపై నార్జితమైనదన్నమాట. ఇట్టి ఋణమున్న శాలలో పరిహాసములాడు విద్యార్థిని నేను క్షమింపజాలను. స్వేచ్ఛగా దేహదానము చేయువారు ఆ భారమును తామును పంచుకొనుచున్నారు.

ఇక నేటి బోధన సంగతి. మన దేశమున 1997 నాటి నిబంధనలతో వైద్యవిద్య తొలిభాగము ఏడాదిన్నరనుండి ఏడాదికి కుదింపబడెను. బల్లచుట్టును గుమిగూడినవారిలో ఒకడు కోయుచుండ తక్కినవారు మెడలు సాచి చూచుట, ముందే కోసియుంచిన భాగములను, ప్లాస్టిక్ నింపి నిలువజేసిన ప్లాస్టినేషన్ నమూనాలను, తెరపై తిరుగు బొమ్మలను చూపి పాఠము ముగించుట పలుచోట్ల అలవాటగుచున్నది. ఇవి నిరుపయోగములని నేననను. పునశ్చరణకు మిక్కిలి మేలైనవి. కాని వానియందు విద్యార్థి చేతిలో నాడి తెగదు, ఊహింపనిచోట ధమని యెదురుపడదు. ఆచార్యుడు మరల పీఠమెక్కినాడు. మంగలి చోట యంత్రము నిలిచినది.

కావున శారీరశాఖల పెద్దలకు నా విన్నప మొక్కటి. ప్రతి బల్లవద్దను ఒక రిజిస్టరు నుంచుడు. విద్యార్థి తన చేత కోసి చూచినదానిలో పుస్తకముతో సరిపడని ప్రతి ధమనిని, నాడిని, కండరమును, బొమ్మతో సహా, తెలుగులోనే వ్రాయింపుడు. కొందరు ఆచార్యులు ఇట్టివానిని పత్రికలలో ప్రకటించుచున్నారు. అధికభాగము మాత్రము అంత్యక్రియలతోనే మరుగుపడుచున్నది. వచ్చు సమావేశమునాటికి ఏ రెండు కళాశాలలవారైనను అట్టి రిజిస్టరులను దెచ్చి ఈ శాఖ ముందుంచవలెనని ప్రార్థించుచున్నాను.